మరుగున పడిన వైద్య నైపుణ్యాన్ని మళ్లీ చేతికి తెచ్చుకోవడం ఎలా?

నేర్చిన విద్య ఎక్కడికీ పోదని మనలో చాలామంది ధీమాగా అంటూ ఉంటారు. ఈత విషయంలోనూ సైకిలు విషయంలోనూ ఆ మాట చాలావరకు నిజమే, ఎందుకంటే అవి ఆగకుండా సాగే కదలికలు కాబట్టి శరీరం వాటిని పట్టుకుని వదలదు. వైద్యంలో మన చేతిలో ఉండవలసిన పనులు ఎక్కువ భాగం అలాంటివి కావు. ఒకదాని తరువాత ఒకటిగా, వరుసా కొలతా తప్పకుండా, నిమిషాల వ్యవధిలో చేయవలసిన చిన్న చిన్న పనుల గొలుసులు అవి. వాడుక తప్పితే ముందుగా తెగేది ఇలాంటి గొలుసులే.

నేను జిల్లా కేంద్రంలోని ఒక కార్యాలయంలో ఆరేళ్లు ఫైళ్ల మధ్య, సమీక్షా సమావేశాల మధ్య గడిపి, పడమటి మండలాల్లోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) మెడికల్ ఆఫీసరుగా తిరిగి వచ్చిన మూడో వారంలో, రాత్రి రెండు గంటల వేళ పుట్టిన బిడ్డ ఏడవలేదు. మాస్కు ఆనించి, చేత్తో పిండి ఊపిరి అందించే ఆంబూ బ్యాగు నా చేతికి వచ్చింది. నాలుగుసార్లు పిండాను గాని ఛాతీ లేవలేదు. మాస్కు అంచు కింద నుంచి గాలి బుస్సుమని పోతున్న చప్పుడు చెవికి వినబడుతూనే ఉన్నా, చేతికి ఏమీ తోచలేదు. పక్కనున్న స్టాఫ్ నర్సు, "సార్, మెడ వంగిపోయింది" అంటూ మడిచిన గుడ్డను బిడ్డ భుజాల కిందికి తోసి, గడ్డాన్ని కాస్త పైకెత్తింది. తరువాతి పిండుకే ఛాతీ లేచింది. బిడ్డ దక్కింది. అంతకు మూడు నెలల ముందు, నవజాత శిశువుల సంరక్షణపై జరిగిన ఒక శిక్షణ కార్యక్రమాన్ని జ్యోతి వెలిగించి ప్రారంభించినది నేనేనన్న సంగతి ఆ రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ రాత్రి నాకు తెలిసిందేమిటంటే, చేయి మరిచిన సంగతిని మనసు మనకు చెప్పదు. ధీమా అలాగే ఉంటుంది. అందువల్ల "నాకు వచ్చు" అన్న భావనను ఆధారంగా తీసుకోకుండా, చేతిని కొలిచి చూసుకోవడం నుంచే పని మొదలుపెట్టాలి. ఈ కింది పద్ధతి పీహెచ్‌సీల్లోనూ ఏరియా ఆసుపత్రుల్లోనూ పనిచేసే వైద్యులకు, స్టాఫ్ నర్సులకు, ఏఎన్ఎంలకు, 108 సిబ్బందికి, ముఖ్యంగా 180 రోజుల ప్రసూతి సెలవు ముగించుకునో డిప్యుటేషన్ ముగించుకునో మళ్లీ విధుల్లో చేరుతున్నవారికి ఉద్దేశించినది.

మొదటి మెట్టు: దేనిని కాపాడుకోవాలో తేల్చుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని, మీ ఉద్యోగంలో మీరు చేయవలసి రాగల అత్యవసర పనులన్నిటినీ రాయండి. ప్రతి పనికి ఎదురుగా రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. గత ఆరు నెలల్లో ఈ పనిని నా చేతితో ఎన్నిసార్లు చేశాను? ఇది తప్పితే రోగికి ఉండే వ్యవధి ఎంత? మొదటి ప్రశ్నకు "ఒకటి" లేదా "సున్నా", రెండో ప్రశ్నకు "నిమిషాలు" అన్న జవాబు వచ్చిన పనులే మీ జాబితా. బీపీ చూడటం, ఇంజెక్షన్ వేయడం వంటివి రోజూ చేస్తూనే ఉంటారు కాబట్టి వాటి మీద సమయం వెచ్చించనవసరం లేదు.

మన ప్రాంతంలో ఈ లెక్క వేస్తే సాధారణంగా ఆరు పనులు తేలుతాయి: ఊపిరి తీసుకోని నవజాత శిశువుకు బ్యాగుతో గాలి అందించడం, కాన్పు తరువాతి రక్తస్రావాన్ని ఆపడం, గర్భిణికి ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వడం, పాముకాటుకు విరుగుడు మందు ఎక్కించడం, మందు పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి అందనివారికి అడ్రినలిన్ ఇవ్వడం, గుండె ఆగిన పెద్దవారికి ఛాతీ నొక్కుతూ శ్వాస ఇచ్చే సీపీఆర్ చేయడం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. గర్భిణులు 108లో చిత్తూరుకో తిరుపతికో సకాలంలో చేరుతున్నారంటే అది మంచి విషయమే, కానీ దాని వల్లనే చిన్న కేంద్రాల్లో కాన్పులు తగ్గి, అక్కడి నర్సుల చేతులకు పని లేకుండా పోయింది. దారిలోనే కాన్పు అయ్యేలా ఉందని ఏ అర్ధరాత్రో ఆటోలో తీసుకువచ్చే గర్భిణి మాత్రం ఇప్పటికీ ఆ చిన్న కేంద్రానికే వస్తుంది.

రెండో మెట్టు: ముందుగా చదువుకోకుండా పరీక్షించుకోండి

పుస్తకం తిరగేసి, వీడియో చూసి, ఆ తరువాత మ్యానికిన్ (సాధనకు వాడే మనిషి బొమ్మ) దగ్గరకు వెళితే అందరికీ వస్తుంది. నిజమైన కేసు మనకు చదువుకునే వ్యవధి ఇవ్వదు కాబట్టి, చూసుకోవలసినది చదవక ముందు చేయి ఎలా ఉందన్నదే. డ్యూటీలో ఉన్న ఒక సహోద్యోగిని పక్కన నిలబెట్టి, చేయవలసిన అంచెల జాబితాను ఆమె చేతికిచ్చి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మొదలుపెట్టండి. మధ్యలో ఆమె ఏమీ అందించకూడదు, కళ్లతో సైగ కూడా చేయకూడదు. వీలైతే ఫోన్‌ను ఎక్కడైనా ఆనించి వీడియో తీయించండి. తమ చేతిని తాము చూసుకున్నవారు సాకులు చెప్పరు.

శిశువుకు గాలి అందించే పనినే ఉదాహరణగా తీసుకుందాం. పుట్టిన నిమిషం లోపల, తుడిచి, వెచ్చగా ఉంచి, తల సరిచేసి, వీపు రుద్దినా ఊపిరి రాకపోతే బ్యాగు మొదలు కావాలి. మీ సహోద్యోగి చూడవలసిన విషయాలు ఇవి. బ్యాగును బిడ్డకు పెట్టే ముందు పరీక్షించారా? మాస్కును అరచేతికి గట్టిగా ఆనించి బ్యాగు పిండితే చేతికి ఒత్తిడి తగలాలి, ఇంకా గట్టిగా పిండితే వాల్వు నుంచి గాలి బయటకు పోతున్న చప్పుడు వినిపించాలి. కడిగి ఆరబెట్టిన తరువాత లోపలి పలుచని రబ్బరు పొరను తిరిగి సరిగా అమర్చకపోవడం వల్ల, చూడటానికి చక్కగా ఉన్న బ్యాగు ఒక్క చుక్క గాలి కూడా పంపకుండా ఉండటం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. మాస్కు నోటినీ ముక్కునూ గడ్డం కొననూ కప్పి, కళ్ల మీదకు పోకుండా ఉందా? మెడ మరీ వంగకుండా, మరీ వెనక్కి వాలకుండా, వాసన చూస్తున్నప్పటి భంగిమలో ఉందా? నిమిషానికి 40 నుంచి 60 సార్లు గాలి అందుతోందా? "పిండు, రెండు, మూడు" అని పైకి అనుకుంటూ, మొదటి మాటకు పిండి, మిగిలిన రెండు మాటలకు వదిలితే వేగం దానంతటదే కుదురుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఛాతీ లేస్తోందా? లేవకపోతే మాస్కును మళ్లీ ఆనించాలి, తలను సరిచేయాలి, నోరూ ముక్కూ శుభ్రం చేయాలి, నోరు కాస్త తెరిచి ఉంచాలి, అప్పటికీ లేవకపోతే ఇంకొంచెం గట్టిగా పిండాలి. ఆ రాత్రి నేను మరిచినది ఈ చివరి వరుసనే.

మూడో మెట్టు: పోయినది చేయా, వరుసా, అంకెలా?

పరీక్షలో తప్పులు బయటపడ్డాక, అన్నిటికీ ఒకే మందు వేయకండి. చేతి పనితనం పోయి ఉంటే, అంటే మాస్కు ఆనడం లేదు, క్యాన్యులా (మందు ఎక్కించే సన్నని గొట్టం) నరంలోకి పోవడం లేదు, కుట్టు బిగియడం లేదు అంటే, దానికి పదే పదే చేయడమొక్కటే మార్గం. వరుస పోయి ఉంటే ప్రతి అంచెనూ పైకి చెబుతూ చేయడం అలవాటు చేసుకోండి, ఎందుకంటే పైకి చెప్పినప్పుడు వదిలిపోయినదాన్ని పక్కవారు పట్టుకోగలుగుతారు. అంకెలు పోయి ఉంటే వాటిని గుర్తు పెట్టుకోవడానికి తంటాలు పడటం అనవసరం. అంకెలు గోడ మీద ఉండాలి.

మెగ్నీషియం సల్ఫేట్ సంగతి చూడండి. పెద్దాసుపత్రికి పంపే ముందు పీహెచ్‌సీలో ఇచ్చే మొదటి మోతాదు మొత్తం 10 గ్రాములు, ఒక్కో పిరుదు కండరంలో లోతుగా 5 గ్రాములు. 50 శాతం ద్రావణం ఉన్న 2 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో (కొన విరిచి వాడే చిన్న గాజు సీసాలో) ఒక గ్రాము ఉంటుంది, కాబట్టి ఒక్కో సిరంజిలోకి ఐదు ఆంప్యూళ్లు, మొత్తం పది ఆంప్యూళ్లు విరవాలి. తెల్లవారుజామున, ఎదురుగా ఫిట్స్‌తో కొట్టుకుంటున్న గర్భిణి, తలుపు దగ్గర ఏడుస్తున్న తల్లి, అలాంటి వేళ ఈ లెక్కను మనసులో వేయడం ఎవరికీ సాధ్యం కాదు. "ఒక వైపు 5 ఆంప్యూళ్లు, రెండో వైపు 5 ఆంప్యూళ్లు" అని పెద్ద అక్షరాలతో రాసి, పది ఆంప్యూళ్లనూ రెండు 10 మిల్లీలీటర్ల సిరంజిలనూ ఒకే డబ్బాలో కట్టి, ఆ డబ్బా మీదే అంటించండి. దాని పక్కన విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం ద్రావణం, 10 మిల్లీలీటర్లు ఉంచండి. తరువాతి మోతాదుకు ముందు చూడవలసిన మూడింటిని కూడా అక్కడే రాయండి: మోకాలి ప్రతిచర్య ఉండాలి, శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు సగటున 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు.

నాలుగో మెట్టు: కొంచెం కొంచెంగా, తరచుగా

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, తానే ఎంత మరిచాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లో వేగంగా, తరువాత నెమ్మదిగా సాగుతుందని ఆయన చూపించాడు. సీపీఆర్ శిక్షణ పొందినవారి నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లోనే తగ్గడం మొదలవుతుందని తరువాతి అధ్యయనాలు పదే పదే తేల్చాయి. అయినా అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే సీపీఆర్ శిక్షణ కార్డు రెండేళ్లు చెల్లుతుంది. కార్డు మీది తేదీకీ చేతిలోని శక్తికీ మధ్య ఉన్న ఈ తేడాను మీరే పూడ్చుకోవాలి. భారత వైద్య మండలి 2002 నిబంధనలు ఐదేళ్లలో 30 గంటల నిరంతర వైద్య విద్యను నిర్దేశించాయి గాని, హాలులో కూర్చుని విన్న గంటలు మాస్కు పట్టుకోవడం నేర్పవు.

కాబట్టి ఏడాదికి రెండు రోజుల శిక్షణ కన్నా వారానికి పది నిమిషాల సాధన మేలు. బుధ, శనివారాలు టీకాల హడావిడిలో పోతాయి కాబట్టి వాటిని వదిలి, మంగళవారమో శుక్రవారమో ఓపీ ముగిసిన వెంటనే ఒక పనిని తీసుకోండి. ఆరు పనులకు ఆరు వారాలు, ఆ తరువాత మళ్లీ మొదటికి. పరీక్షలో బాగా తప్పిన పనిని మాత్రం ఆ వరుసలో కలపకుండా, మర్నాడు ఒకసారి, వారం తరువాత ఒకసారి, నెల తరువాత ఒకసారి విడిగా చేయండి. సాధన మీ కేంద్రంలోనే, మీ లేబర్ రూములోనే, మీ అలమారా నుంచి మీరే సామాను తీసుకుని జరగాలి. శిక్షణ కేంద్రంలోని తళతళలాడే బల్ల మీద అన్నీ చేతికి అందుతాయి, మీ కేంద్రంలో అలమారా తాళం ఎవరి దగ్గరుందో వెతకడానికే రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు బయటపడటం కూడా సాధనలో భాగమే.

ఐదో మెట్టు: మ్యానికిన్ లేకపోయినా ఆగకండి

గట్టి దిండు మీద సీపీఆర్ వేగాన్ని సాధన చేయవచ్చు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుళ్లు అంటే ఎంత వేగమో ఫోన్‌లోని మెట్రోనోమ్‌తో (తాళం వేసే యాప్‌తో) వినండి. మోచేతులు వంచకుండా, ప్రతి నొక్కుడు తరువాత ఛాతీ పూర్తిగా పైకి వచ్చేలా వదలడం, 30 నొక్కుళ్లకు 2 శ్వాసలు ఇవ్వడం, రెండు నిమిషాలకొకసారి మనిషి మారడం అలవాటు చేసుకోండి. 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు మాత్రం దిండు నేర్పదు, దానికి మ్యానికిన్ కావలసిందే. బ్రహ్మోత్సవాల డ్యూటీ పడినవారు బయలుదేరే ముందు వారం ఈ ఒక్క పనినైనా చేసి వెళ్లాలి. అలిపిరి దారిలోని 3,550 మెట్లెక్కుతూ ఎవరైనా కుప్పకూలితే, అక్కడ మొదటి నాలుగైదు నిమిషాలు పరికరాలు ఉండవు, మీ చేతులే ఉంటాయి. కుట్లకు స్పాంజి ముక్క చాలు.

పాముకాటు మాత్రం ప్రత్యేకంగా చెప్పవలసినది, ఎందుకంటే ఇందులో తప్పులు ఆత్మవిశ్వాసంతో జరుగుతాయి. వేరుశనగ చేలల్లో, చెరకు తోటల్లో పనిచేసేవారు కాటుకు గురై మొదట వచ్చేది మన దగ్గరకే. రక్తం గడ్డకడుతోందో లేదో చూసే ఇరవై నిమిషాల పరీక్షను సాధన చేయండి. కొత్తదో, శుభ్రంగా పొడిగా ఉన్నదో అయిన గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసుకుని, కదపకుండా సరిగ్గా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి; గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్లు లెక్క. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బు పొడితో కడిగిన గాజు గొట్టం వాడినా మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు, అప్పుడు లేని విషానికి మందు ఎక్కిస్తాం. ఏడో నిమిషంలో "చూద్దామా" అని వంచేవారు ప్రతి కేంద్రంలోనూ ఒకరుంటారు. మా కేంద్రంలో అది నేనే. ఇప్పుడు ట్యూబు పక్కన ఫోన్ అలారం పెట్టి చేతులు కట్టుకుంటాను.

తరువాతి పని విరుగుడు మందు కలపడం. మొదటి మోతాదుకు పది వయల్స్ (మందు సీసాలు) కావాలి. ఒక్కో వయల్‌లోని పొడికి 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ చేర్చి, అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పుతూ కరిగించాలి. గబగబా ఊపితే నురగ వచ్చి ఇంకా ఆలస్యమవుతుంది. పది వయల్స్ కరగడానికి ఎంతసేపు పడుతుందో చేసినవారికే తెలుస్తుంది. గడువు తీరిన వయల్స్‌ను పారవేయకుండా, నిబంధనల ప్రకారం స్టాకులో తగ్గించి రాసిన తరువాత, ఎర్ర సిరాతో "సాధనకు మాత్రమే" అని రాసి వేరే గదిలో దాచి, వాటితో సాధన చేయండి. అవి ఎమర్జెన్సీ ట్రే దరిదాపులకు రాకూడదు. మందు మొదలుపెట్టే ముందే అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు సిరంజిలోకి తీసి పెట్టుకోవడం, రియాక్షన్ మొదటి లక్షణానికే దానిని తొడ బయటి వైపు కండరంలో ఇవ్వడం సాధనలో తప్పనిసరిగా ఉండాలి.

ఆరో మెట్టు: మరవవలసినవాటిని మరవండి

ఇది చాలామంది ఊహించని చిక్కు. పదిహేనేళ్ల క్రితం చదివినవారి చేతిలో కొన్ని పనులు చెక్కుచెదరకుండా ఉంటాయి గాని అవే ఇప్పుడు తప్పు. పాము కరిచిన చోట పైన బిగించి కట్టడం, కోయడం మానేశాం. గుండె పూర్తిగా ఆగినప్పుడు మామూలుగా అట్రోపిన్ అనే మందు ఇచ్చే పద్ధతి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010 మార్గదర్శకాలతో పోయింది. ఉమ్మనీటిలో బిడ్డ మలం ఉన్నంత మాత్రాన ప్రతి బిడ్డకూ గొంతులో పైపు వేసి పీల్చడం ఇప్పుడు లేదు. క్షేమంగా ఉన్న బిడ్డ బొడ్డుతాడును వెంటనే కోయకుండా కనీసం ఒక నిమిషం ఆగుతాం. కాన్పు తరువాతి రక్తస్రావంలో, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం ఒక గ్రాము, కాన్పయిన మూడు గంటల లోపల ఇవ్వడం 2017లో వెలువడిన వుమన్ ట్రయల్ అనే పెద్ద అధ్యయనం తరువాత స్థిరపడింది. అందువల్ల సాధన మొదలుపెట్టే ముందు మీ గోడ మీది చార్టు ఏ సంవత్సరానిదో చూడండి. పాత తప్పును సాధన చేస్తే అది ఇంకా గట్టిపడుతుంది.

ఏడో మెట్టు: రద్దీ ఉన్న చోటికి వెళ్లండి

చేతి పనితనం బాగా పోయినప్పుడు బొమ్మల మీద సాధన సరిపోదు. మీ జిల్లా వైద్యాధికారి అనుమతితో ఒక వారం చిత్తూరు జిల్లా ఆసుపత్రిలోనో, 1960లో మొదలైన ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధంగా తిరుపతిలో ఉన్న రుయా ఆసుపత్రిలోనో, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలోనో గడపడానికి వీలు అడగండి. దరఖాస్తులో "శిక్షణ నిమిత్తం" అని మాత్రమే రాస్తే మిమ్మల్ని తరగతి గదిలో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. "లేబర్ రూము రాత్రి డ్యూటీ, పర్యవేక్షణలో నేనే చేసే పది కాన్పులు" అన్నట్లు ఏ పని, ఎన్నిసార్లు అన్నది స్పష్టంగా రాయండి. మీకన్నా పదిహేనేళ్లు చిన్నవారైన పీజీ విద్యార్థి మీ చేతిని సరిదిద్దుతాడు, దానికి ముందుగానే మనసును సిద్ధం చేసుకుని వెళ్లండి.

ఎనిమిదో మెట్టు: తిరిగి చేరిన మొదటి పక్షం రోజులు

సెలవు నుంచి తిరిగి వచ్చినవారిని మొదటి రోజే ఒంటరిగా రాత్రి డ్యూటీకి వేయడం మన దగ్గర మామూలే, సిబ్బంది కొరత దానికి కారణం. అయినా అడగండి. మొదటి రెండు వారాలు ఇంకొకరితో కలిసి డ్యూటీ వేయమని ఇన్‌ఛార్జికి లిఖితపూర్వకంగా చెప్పడం చేతకానితనం కాదు. కుదరకపోతే, అత్యవసర పరిస్థితిలో ఫోన్ చేయడానికి ఒక సీనియర్‌ను ముందే మాట్లాడి పెట్టుకోండి. రోగి ముందు చేయి తడబడితే పక్కవారికి గట్టిగా చెప్పండి: "నాకు ఛాతీ లేవడం లేదు, చూడండి." నేను ఆ రాత్రి అనవలసిన మాట అదే. నేను అనకముందే ఆ నర్సు చూడటం నా అదృష్టం.

చివరగా, ఒక రిజిస్టరు పెట్టండి. తేదీ, పని, చేసినవారు, పట్టిన సమయం, తప్పిన అంచె అన్న ఐదు గడులు చాలు. మార్కులు వద్దు, సంతకాల హడావిడి వద్దు, దీనిని ఎవరి మీదా చర్యకు ఆధారంగా వాడబోమని మెడికల్ ఆఫీసరు మొదటి పేజీలోనే రాయాలి. మా రిజిస్టరు మొదటి వరుసలో నా పేరే ఉంది. పని: శిశువుకు బ్యాగు. సమయం: రెండు నిమిషాల పది సెకన్లు. తప్పిన అంచె: బ్యాగును పరీక్షించలేదు.